తంతి వచ్చిన ఏడు, ఓడ వచ్చిన ఏడు

ఫిజీ దీవుల చరిత్రలో రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఉన్నదని నాకు చాలాకాలంగా అనిపిస్తున్నది. ఒకటి 1902, రెండవది 1903. మొదటి ఏట పసిఫిక్ మహాసముద్రం అడుగున వేసిన తంతి తీగ సువా రేవుకు చేరింది. మరుసటి ఏట మద్రాసు రేవు నుంచి మొట్టమొదటి కూలీల ఓడ ఫిజీకి వచ్చింది. తంతి చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఓడ జోలికి పోరు. ఓడ చరిత్ర చెప్పేవారికి తంతితో పని ఉండదు. కాని సిడ్నీ నగరానికి నైరుతి దిక్కున లివర్‌పూల్, ఎడ్మండ్‌సన్ పార్క్ ప్రాంతాలలో స్థిరపడిన మన ఫిజీ తెలుగు కుటుంబాలకు ఈ రెండూ ఒకే కథ. ఆ ఓడలలో వచ్చినవారి మునిమనుమలు ఈనాడు ఆ తంతికి వారసురాలైన మరొక తీగ మీదనే లౌతోకాలో ఉన్న మేనత్తతో మాట్లాడుకుంటున్నారు.

చిన్న ద్వీప దేశాల అభివృద్ధికి సమాచార సాంకేతిక విజ్ఞానం తోడ్పడాలన్న మాట ఇప్పుడు తరచు వినబడుతున్నది. ఐక్యరాజ్య సమితి ఇందుకోసం 1994లో బార్బడోస్‌లోను, 2005లో మారిషస్‌లోను, 2014లో సమోవాలోను, 2024లో ఆంటిగ్వాలోను మహాసభలు జరిపింది. మంచిదే. అయితే ఆ సభల తీర్మానాలు చదివితే, ద్వీపాలకు ఈ విద్య నిన్నమొన్న పరిచయమైనట్లు తోస్తుంది. నిజానికి పసిఫిక్ దీవులకు తంతి వచ్చి నూట ఇరవై ఏళ్ళు దాటింది. అది ఎవరి మాటను మోసింది, ఎవరి మాటను మోయలేదు అన్నదే అసలు ప్రశ్న.

బ్రిటిష్ సామ్రాజ్యపు భూములను మాత్రమే తాకుతూ భూగోళాన్ని చుట్టి రాగల తంతి మార్గం ఒకటి ఉండాలని కెనడాకు చెందిన ఇంజనీరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. పటాలలో సామ్రాజ్యాన్ని ఎర్ర రంగుతో చూపేవారు గనుక దానికి ‘సర్వారుణ మార్గం’ వంటి పేరు వచ్చింది. కెనడా పడమటి తీరాన బామ్‌ఫీల్డు నుంచి ఫానింగ్ దీవికి, అక్కడి నుంచి సువాకు, సువా నుంచి నార్‌ఫోక్ దీవికి, అక్కడ రెండుగా చీలి ఒక పాయ క్వీన్స్‌లాండ్‌కు, మరొకటి న్యూజీలాండ్‌కు. 1902 అక్టోబరు 31న ఈ పని పూర్తయింది. అంతవరకు బయటి ప్రపంచంలో ఏమి జరిగినా ఓడ వస్తేనే గాని ఫిజీకి తెలిసేది కాదు. ఇప్పుడు లండనులో పలికిన చక్కెర ధర ఆ రోజే సువాకు తెలిసే వీలు కలిగింది.

చక్కెర ధర అన్నాను గదా, ఫిజీలో ఆనాడు చక్కెర అంటే కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీయే. మన పెద్దలు క్లుప్తంగా సి.ఎస్.ఆర్. అనేవారు. 1855లో ఇక్కడే, సిడ్నీలోనే పుట్టిన కంపెనీ అది. 1882లో నౌసోరిలో మొదటి మిల్లు ఆడించింది. తరువాత రారవాయి, లంబాసా, 1903లో లౌతోకా. మిల్లులు పెరిగినకొద్దీ చెరకు నరికే చేతులు కావలసి వచ్చాయి. 1879లో ‘లియోనిడాస్’ ఓడతో మొదలైన కలకత్తా వలస చాలకపోవడంతో ఏజెంట్లు మద్రాసు వైపు తిరిగారు. 1903లో మొదలై 1916 వరకు ఆ రేవు నుంచి సుమారు పదిహేను వేలమంది వచ్చారు. ఉత్తర ఆర్కాటు, మద్రాసు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, తంజావూరు, మలబారు, కోయంబత్తూరు జిల్లాల వారు వీరిలో ఎక్కువ. అందరికీ కలిపి ఫిజీలో పడిన పేరు ‘మద్రాసీ’. తెలుగువాడైనా, తమిళుడైనా, మలయాళీ అయినా మద్రాసీయే.

ఓడ దిగినవారిని ముందుగా సువాకు సమీపాన ఉన్న నుకులావు దీవిలో క్వారంటీనుకు ఉంచేవారు. (ఈ దీవికి మన జ్ఞాపకాలలో మరొక చోటు కూడా ఉన్నది. 2000 సంవత్సరపు తిరుగుబాటు నాయకుణ్ణి తరువాత బంధించి ఉంచినది ఇక్కడే.) ఆ దీవికి కొద్ది దూరంలోనే, సువా పట్నంలో, తంతి కార్యాలయం రాత్రింబగళ్ళు టిక్కు టిక్కుమంటూ ఉండేది. దిగినవారిలో ఎవరైనా ‘క్షేమంగా చేరాను’ అని ఇంటికి తెలియజేయగలిగారా? లెక్క వేసి చూడండి. పసిఫిక్ తంతి ప్రారంభమైనపుడు ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు రుసుము మాట ఒక్కింటికి మూడు షిల్లింగులు. గిరిమిట్టు ఒప్పందం ప్రకారం మగవారికి రోజుకూలి ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. అదైనా అప్పగించిన పని పూర్తి చేస్తేనే. అంటే ఆ లెక్కన ఒక్క మాట పంపడానికి మగవాని మూడు రోజుల చెమట, ఆడదాని నాలుగు రోజుల చెమట. విశాఖ జిల్లా పల్లెటూరి చిరునామా రాయడానికే నెలజీతం చాలదు. ఇక జాబు రాద్దామంటే చాలామందికి అక్షరాలు రావు. రాయగలవాడు దొరికినా అది చేరడానికి నెలలు. చేరినా అక్కడ చదివి వినిపించేవాడు ఉండాలి. ఆ విధంగా ఎన్ని ఇళ్ళలో కొడుకు చచ్చాడో బతికాడో తెలియక తల్లులు కన్నుమూశారో లెక్క లేదు.

ఒక్క తీగను నమ్ముకున్న వ్యవస్థ ఎంత పలచనిదో 1914లోనే తేలింది. ఆ సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌక ‘న్యూరెన్‌బర్గ్’ ఫానింగ్ దీవికి వచ్చి కేబులు తెగగొట్టి, స్టేషను పరికరాలను ధ్వంసం చేసింది. సామ్రాజ్యపు మూట ఒక చిన్న పగడపు దీవి మెడలో వేలాడుతున్నదని అందరికీ తెలిసివచ్చింది. ఈ ఫానింగ్ దీవే ఇప్పటి కిరిబాసు దేశంలోని తబువేరాన్. ఈ సంగతి మరిచిపోవద్దు, ముందు మళ్ళీ వస్తుంది.

1920 జనవరి 1న గిరిమిట్టు ఒప్పందాలు రద్దయ్యాయి. మనవారు కూలీ లైన్ల నుంచి బయటపడి కౌలు భూములలో చెరకు వేసుకున్నారు. 1926లో సాధు కుప్పుస్వామిగారు దక్షిణ భారతీయులందరి కోసం తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘాన్ని స్థాపించారు. తెలుగు భాషకు ప్రత్యేకంగా చోటు కావాలన్న తలంపుతో 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం ఏర్పడింది. (అదే 1941లో టోబ్రూక్ యుద్ధంలో కార్పొరల్ జాన్ హర్స్ట్ ఎడ్మండ్‌సన్ ప్రాణాలు అర్పించాడు. ఆయన పేరే మనం ఉంటున్న ఈ ఊరికి. రెండింటికీ సంబంధం లేదనుకోండి, అయినా సంవత్సరం చూడగానే ఇక్కడ రాయాలనిపించింది.) ఈ సంఘాలు బడులు కట్టాయి, తెలుగు చెప్పించాయి. అయితే పొలంలోను, బజారులోను, రేడియోలోను భారతీయుల ఉమ్మడి భాషగా నిలిచినది ఫిజీ హిందీ. రేడియో ఇంటికి వచ్చి తెలుగును వంటింటికి తరిమింది అని నేనంటే కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. కాని జరిగినది అదే. ఏ సాధనమూ తనంతట తాను ఒక చిన్న భాషకు మేలు చేయదు. ఆ సాధనం దగ్గర కూర్చుని మాట్లాడేవాడు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక నాకు అత్యంత ప్రీతిపాత్రమైన అధ్యాయానికి వస్తాను. 1968లో సువాలోని లౌదాలా బేలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం తెరిచారు. న్యూజీలాండ్ వైమానిక దళం వారి పాత నీటి విమానాల స్థావరం అది. ఒక్క ఫిజీకి కాదు. టోంగా, సమోవా, కిరిబాసు, తువాలు, నౌరూ, సాలమన్ దీవులు మొదలైన అనేక దేశాలకు ఉమ్మడి విశ్వవిద్యాలయం. విద్యార్థులేమో వేల మైళ్ళ నీటిలో చెదిరి ఉన్నారు. వారందరినీ సువాకు రప్పించడం ఎలా?

నాసా వారు 1966 డిసెంబరులో ప్రయోగించిన ఏ.టి.ఎస్.-1 అనే ఉపగ్రహం అప్పటికే తన ప్రయోగాలు ముగించుకుని పసిఫిక్ మీద ఖాళీగా ఉన్నది. 1971లో హవాయి విశ్వవిద్యాలయం దానిని చదువు కోసం, ఆరోగ్యం కోసం వాడుకునేందుకు ‘పీస్‌శాట్’ అనే ప్రయోగం మొదలుపెట్టింది. 1972లో సువా విశ్వవిద్యాలయం అందులో చేరి, ఆ తరువాత తన సొంత కేంద్రాలను అదే ఉపగ్రహం మీద కలుపుకున్నది. గొప్ప యంత్రాలేమీ కావు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు వినాలి. మాట ముగించి మీట వదిలితేనే ఇంకొకరికి వంతు. బొమ్మ లేదు, గొంతు మాత్రమే. అయినా తరావాలోని ఉపాధ్యాయుడు, రారొతొంగాలోని నర్సు, హోనియారాలోని గుమాస్తా ఒకే గంటలో ఒకే పాఠం విని ప్రశ్నలు వేయగలిగారు. వైద్య సలహాలూ అదే గొంతు మీద నడిచాయి. తంతి వచ్చిన డెబ్భై ఏళ్ళకు, మొదటిసారిగా, దీవుల సామాన్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. మధ్యలో లండను లేదు, చక్కెర కంపెనీ లేదు. 1985లో ఆ ఉపగ్రహం చేతికి అందకుండా పోయేదాకా ఈ ఏర్పాటు సాగింది.

అదే వరుసలో తరువాత వచ్చిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా మన దేశానికి ఎరువిచ్చింది. ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో టెలివిజను పెట్టెలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. కరెంటు అంతంతమాత్రంగా ఉన్న తెలంగాణ, రాయలసీమ పల్లెలలో జనం ఆకాశం నుంచి వచ్చిన తెలుగును చూస్తున్న ఆ ఏడాదే, ఫిజీలోని వారి జ్ఞాతులు అన్నగారి వంటి మరొక ఉపగ్రహం మీద ఇంగ్లీషు పాఠాలు వింటున్నారు. ఇరువురికీ ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

ఈలోగా సముద్రం అడుగున తీగలు మారుతూ వచ్చాయి. 1963లో సిడ్నీ, ఆక్లండ్, సువా, హవాయి, వాంకూవర్‌లను కలుపుతూ ‘కాంపాక్’ టెలిఫోను కేబులు వచ్చింది. 1984లో ‘ఆంజ్‌కాన్’. అటు తరువాత 2000 నవంబరులో గాజు దారాల ‘సదరన్ క్రాస్’ కేబులు పనిలోకి వచ్చింది. సిడ్నీలో అలెగ్జాండ్రియా, బ్రూక్‌వేల్‌ల వద్ద ఒడ్డెక్కి, సువా మీదుగా అమెరికాకు పోయే తీగ ఇది. ఇంత చిన్న దేశం ఇంత పెద్ద రహదారి మీద పడడం ఫిజీ అదృష్టం. కాని ఆ సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. 1987 మే, సెప్టెంబరు నెలల తిరుగుబాట్లు చూశాము; 1997 నుంచి ముప్పయ్యేళ్ళ కౌళ్ళు తీరిపోయి చెరకు రైతులు భూములు వదులుకోవడం చూశాము; 2000 మే 19న పార్లమెంటులో ప్రధానమంత్రిని బందీ చేసి 56 రోజులు ఉంచడం చూశాము. కేబులు వచ్చిన నాటికి దానిని వాడి దేశాన్ని ముందుకు నడపగల గుమాస్తాలు, ఉపాధ్యాయులు, లెక్కల మనుషులు పెట్టెలు సర్దుకుంటున్నారు. దీవికి వెలుగు వేగంతో పరిగెత్తే తీగ వచ్చింది, ఆ తీగ పక్కనుంచే మనుషులు విమానమెక్కి ఇటు వచ్చారు. తీగ వేస్తే చాలు అభివృద్ధి తనంతట వస్తుందని చెప్పే పండితులు ఈ ఒక్క ఏడాదిని చదివితే బాగుండును.

అలాగని తీగ వృథా పోలేదు. సువా ఒక కూడలి అయింది. 2013లో టోంగాకు 827 కిలోమీటర్ల కేబులు సువా నుంచే వెళ్ళింది. 2014లో వనువాతుకు, 2018లో సమోవాకు. సమోవా తీగ దారిలో వనువా లెవు దీవిలోని సవుసవును కూడా కలిపింది. ఈ చివరి సంగతి లంబాసా వైపు బంధువులున్న వారికి చెప్పనవసరం లేదు.

ఇక టోంగా. 2022 జనవరి 15న హుంగా టోంగా అగ్నిపర్వతం బద్దలైంది. బూడిదతో పాటు సముద్రగర్భపు బురద దొర్లి ఆ ఒక్క కేబులునూ తెంపివేసింది. లక్షమంది జనాభా గల దేశం ఒక్క పూటలో 1901కి పోయింది. బంధువులు బతికి ఉన్నారో లేదో సిడ్నీలోని టోంగా కుటుంబాలకు రోజుల తరబడి తెలియలేదు. మరమ్మతు ఓడ వచ్చి, తెగిన ముక్కలు వెదికి, కొత్త తీగ అతికి, మాట కలపడానికి ఐదు వారాలు పట్టింది. ఉత్తరాన వవావు దీవుల తీగకు ఏడాదికి పైగా పట్టింది. టోంగా ఆదాయంలో మూడవ వంతుకు పైగా ప్రవాసులు పంపే డబ్బే. తీగ తెగితే డబ్బూ ఆగుతుంది. 1914లో ఫానింగ్ దీవి దగ్గర నేర్వవలసిన పాఠం అది.

డబ్బు ప్రసక్తి వచ్చింది గనుక మన ఇళ్ళలోని మాట చెప్పుకుందాం. పూర్వం సిడ్నీ నుంచి బాకు నూరు డాలర్లు పంపాలంటే బ్యాంకు డ్రాఫ్టు, లేకపోతే ఊరికి పోయేవారి చేతికి కవరు. 2008లో రెండవ మొబైల్ ఫోను కంపెనీ రావడంతో ఫిజీలో పల్లెపల్లెకు చేతిఫోను చేరింది. 2010లో వోడాఫోన్ వారు ‘ఎం-పైసా’ ప్రారంభించారు. కెన్యాలో పుట్టిన పద్ధతి, పేరులో మాత్రం మన ‘పైసా’ వచ్చి కూర్చున్నది. బ్యాంకు ఖాతా లేని ముసలమ్మ కూడా ఫోనులో డబ్బు అందుకుని ఊరి దుకాణంలో తీసుకోవచ్చును. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను 44 మందిని బలిగొని రకిరకి, బా ప్రాంతాల ఇళ్ళకప్పులు ఎగరగొట్టినప్పుడు, బయటి బంధువులు ఎంత ముఖ్యమో అందరికీ తెలిసింది. కోవిడ్ కాలంలో హోటళ్ళు మూతపడితే ప్రభుత్వమే సహాయపు సొమ్మును ఫోనులకు పంపింది. 2022లో ప్రవాసులు ఫిజీకి పంపిన సొమ్ము ఒక్క ఏడాదిలో నూరు కోట్ల ఫిజీ డాలర్లు దాటింది. చక్కెర కోసం తెచ్చినవారి సంతానం చక్కెర మానేసి దేశం విడిచిపోయిన తరువాత కూడా ఆ దీవికి పనికివస్తూనే ఉన్నది.

ఇతర దీవులూ తమ తమ ఎత్తులు వేశాయి. తువాలుకు దైవవశాన ఇంటర్నెట్టులో ‘టీవీ’ అనే రెండక్షరాల చిరునామా దక్కింది. దానిని అద్దెకిచ్చిన డబ్బుతోనే 2000లో ఐక్యరాజ్య సమితిలో చేరగలిగింది. మన తెలుగువారు శతాబ్దిన్నరకు పైగా ఉన్న మారిషస్ దీవి, చక్కెర మీదనే ఆధారపడిన రోజులు పోతున్నాయని గ్రహించి, భారత ప్రభుత్వపు రుణ సహాయంతో ఎబెన్‌లో సైబర్ నగరం కట్టుకున్నది. మారిషస్ విషయమై వేరే వ్యాసం రాయవచ్చును.

ఈ వ్యాసం అసలు చివరకు తేదలచినది వేరొక కంప్యూటరు కథ. గిరిమిట్టు కూలీ ఒక్కొక్కరికీ ఒక పాసు రాశారు. ఓడ పేరు, పాసు నంబరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, దగ్గరి బంధువు, ఒంటిమీది మచ్చలు, ఎత్తు. ఆ కాగితాలు సువాలోని ఫిజీ జాతీయ దఫ్తరంలో భద్రంగా ఉన్నాయి. 1970లలో బ్రిజ్ విలాస్ లాల్ అనే యువ చరిత్రకారుడు, లంబాసా దగ్గరి ఒక గిరిమిట్టువాని మనుమడు, కలకత్తా నుంచి వచ్చినవారి 45,439 పాసులను ఒక్కొక్కటిగా చదివి, సంకేతాలుగా మార్చి, కంప్యూటరుకు ఎక్కించి లెక్క తీశాడు. కాన్‌బెర్రాలోని జాతీయ విశ్వవిద్యాలయంలో జరిగిన ఈ కృషి 1983లో పుస్తకమైంది. ఓడలెక్కినవారంతా అడుక్కుతినేవారు, నీచులు అనే పాత అపవాదు ఆ లెక్కల ముందు నిలువలేకపోయింది. పెద్ద కులాలు, చిన్న కులాలు, ఒంటరి మగవారు, కుటుంబాలతో వచ్చినవారు, అందరూ ఉన్నారు. ఆయన 2009లో ఫిజీ నుంచి బహిష్కృతుడై 2021 డిసెంబరులో బ్రిస్బేన్‌లో కన్నుమూశారు. ఆ పాసులకు, ఇతర దేశాల కూలీల దస్తావేజులతో కలిపి, 2011లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో స్థానం లభించింది.

ఆ 45,439లో మనవారు లేరు. మద్రాసు పాసులు ఆ లెక్కలో చేరలేదు.

మన పిల్లలు కంప్యూటరు విద్యలో ఆరితేరినవారు. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో 2015లో స్టేషను తెరిచిన తరువాత హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి నేరుగా వచ్చి స్థిరపడిన తెలుగువారిలో ఇదే వృత్తిగా ఉన్నవారు ఎందరో. పాత గిరిమిట్టు తెలుగువారికి లిపి రాదు, కొత్త తెలుగువారికి గిరిమిట్టు తెలియదు. ఇద్దరూ కలిస్తే గాని ఈ పని కాదు. ఎందుకంటే ఆ పాసులు చదవడంలో చిక్కులున్నాయి. అప్పలస్వామి, సింహాచలం, నరసమ్మ వంటి పేర్లను ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచినట్లు రాశాడు. ఒకే పేరు నాలుగు విధాలుగా ఉంటుంది. తండ్రి పేరే ఇంటిపేరుగా నిలిచిపోవడం వలన అసలు ఇంటిపేరు చాలామందికి పోయింది. జిల్లాల పేర్లు మరీ మోసం చేస్తాయి. ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉన్నది గనుక మా తాత తమిళుడు కాబోలు అనుకున్న కుటుంబాలు ఉన్నాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటులోనివే. 1904కు ముందు పాసులో ‘కృష్ణా’ అంటే అది గుంటూరు కావచ్చును. ‘విశాఖపట్నం’ అంటే 1950లో ఏర్పడిన శ్రీకాకుళం గాని, 1979లో ఏర్పడిన విజయనగరం గాని కావచ్చును. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు మళ్ళీ విడిపోయి 26 అయ్యాయి గనుక, ఇప్పుడు ఊరు వెదికేవారు ముందుగా తాలూకా పేరు పట్టుకోవాలి, ఆ తరువాత గ్రామం, జిల్లా అన్నిటికన్నా చివర.

పాసు నంబరు ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే అదే మొదట రాసిపెట్టుకోండి. అది లేకపోతే ఓడ పేరు, వచ్చిన ఏడు. సువా దఫ్తరంలో ఆ కాగితాలు ఓడల వరుసలో, నంబరు వారీగా కట్టలు కట్టి ఉన్నాయి.